ఉబ్బిన పలక

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పటిలాగే పొట్టిగా సాగింది.

"ఫ్యూజన్ రియాక్టర్ గోడలకి వేసే సిరామిక్ పలకల్ని అమ్మేది విదేశీ ముఠా. రేడియేషన్ తగిలితే అవి ఉబ్బి పగులుతాయి. రేడియేషన్‌లో ఉంచి తీసిన శాంపిల్‌ని ఇవాళ కొనుగోలు కమిటీ ముందు కొలుస్తారు. అప్పటిదాకా దాన్నెవరూ వేడి చెయ్యకూడదు."

"చేస్తే?"

"రేడియేషన్‌లో ఉన్నప్పుడు దానికున్న వేడిని మించి కాలిస్తే ఉబ్బు తగ్గిపోతుంది. దెబ్బ తిన్న ఆనవాలుండదు. కమిటీ ఓకే అంటుంది."

అడిగింది ఏజెంట్ గద్ద. డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. ఆ రియాక్టర్ కంట్రోల్ రూమ్‌లో పనిచేసేది అతని సొంత చెల్లెలు. పలక పగిలి రేడియోధార్మిక వాయువు బయటపడితే ముందు పీల్చేది ఆమే.

టెక్నీషియన్ వేషంలో ల్యాబ్‌లో దూరాడు. శాంపిల్ ఉన్నది హాట్ సెల్‌లో. కాంక్రీటు గది, రెండు వైపులా సీసపు అద్దాలు. లోపల మనిషి అడుగుపెట్టకూడదు, ఏం చేసినా బయటినుంచి మరచేతులతోనే. అవతలి అద్దం దగ్గర అతని సాటి ఏజెంట్, అందరూ మేడమ్ అనే అందగత్తె, ఎర్రటి గోళ్ల వేళ్లతో మరచేతుల్ని తిప్పుతోంది. శాంపిల్ ఫర్నెస్‌లోకి పోయింది.

వెనక తలుపు లాక్ అయింది. అతని వైపు మరచేతులు బిగుసుకున్నాయి. చొక్కా గుండీలోని రేడియో మూగబోయింది. పిస్టల్ తీసి, మీటరు మందం అద్దాన్ని చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వూ అమ్ముడుపోయావా?" అన్నాడు ఇంటర్‌కమ్‌లో.

"ఎప్పుడో. కూర్చో, కాళ్లు నొప్పెడతాయి."

"అక్కడ నా చెల్లెలుంది. ఆపు. నీకు దణ్ణం పెడతా."

వేడి ఇంకా పెంచాలా అన్నట్టు ఆమె చెయ్యి డయల్ మీద తచ్చాడుతోంది. అతని మొహం చూశాక చెయ్యి తీసేసి, అతని మైక్ కట్ చేసింది. అతను అద్దాన్ని గుద్దాడు, అరిచాడు, ఆఖరికి నుదురు ఆనించి ఏడ్చేశాడు. చేతిలో ఏమీ లేకపోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

కమిటీ వచ్చింది.

"టెక్నీషియన్‌కి ఒంట్లో బాలేదు," అంది మేడమ్ అతన్ని చూపించి.

చల్లారిన పలకను గేజ్‌లో పెట్టారు. స్క్రీన్ మీద అంకె వెలిగింది. ఉబ్బు ఉన్నది ఉన్నట్టే ఉంది. మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కమిటీ వెనక నుంచి పెద్దాయన ముందుకొచ్చి ఆమెకు బేడీలు వేయించాడు.

"రేడియేషన్‌లో దాని వేడి ఎంతో, ఆ అంకెను రెండొందల డిగ్రీలు తగ్గించి ఆమెకి అందేలా లీక్ చేయించా," అన్నాడు పెద్దాయన, గద్ద ఉన్న వైపు తలుపు తీస్తూ. "ఆమె దానికి కాస్త పైదాకానే కాల్చింది, అసలు వేడి దాటనేలేదు."

"నాకు ముందే చెప్పొచ్చుగా సార్?"

"చెబితే నీకా మొహం వచ్చేదా? ఆమె నమ్మింది నా అంకెను కాదయ్యా, నీ ఏడుపుని."

గద్ద టెక్నీషియన్ కోటు విప్పేశాడు. సర్వీసులో అతను కట్టిన వేషాలకు లెక్కలేదు. పండింది మాత్రం ఇదొక్కటే, అదీ వేషం కాదు.