ఈల షెడ్డు గొట్టం

భీమడోలు దాటి కొల్లేటి వైపు దిగితే చెరువు గట్ల మీద ఈల షెడ్డు అని ఒకటుండేది. పొద్దుగూకాక మనిషన్నవాడు ఆ గట్టెక్కేవాడు కాదు. మనిషిదాకా ఎందుకు, కొంగలే చుట్టు తిరిగి పోయేవి.

ఒకప్పుడు అది చేపల చెరువుకి నీళ్ళు తోడే ఇంజను షెడ్డు. విశ్వాసం అనే ఇంజను డ్రైవరు, హ్యాండిలు తిప్పబోయే ముందు సన్నగా ఒక ఈల వేసేవాడట. సర్కారువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడు ఇంజను పోయింది. ఆ దిగులుతో విశ్వాసమూ పోయాడు.

ఈల మాత్రం పోలేదు...

ఇక ఏలూరు డీజిల్ మెకానిక్కు అబ్దుల్ మజీద్ మేస్త్రి సంగతి. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని రోగం చెప్పేవాడు. భీమడోలులో ఇంజను దగ్గితే ఏలూరులో మంచం మీద దొర్లుతూనే "బేరింగు" అనేవాడని చెప్పుకునేవారు. ఎక్కువగా చెప్పుకునేది ఆయనే.

అంతటి చెవుల్లో కొన్నాళ్ళుగా గుయ్యిమని సన్నటి మోత. డాక్టరు సోమసుందరంగారు, లోపల గడ్డలేమైనా ఉన్నాయేమో చూద్దామని స్కాన్ రాశారు. మిషనులోకి తోసే ముందు అక్కడి అమ్మాయి రెండు దూది ఉండలు చేతిలో పెట్టింది.

"చెవుల్లో పెట్టుకోండి బాబాయ్‌గారూ, మోత ఎక్కువుంటుంది."

"నాకా అమ్మా? ఇరవై గుర్రాల ఇంజను పక్కన గురకపెట్టి నిద్రపోయినవాణ్ణి."

దూది జేబులో వేసుకున్నాడు. అసలు సంగతి వేరే. ఆ మిషనుకి రోగమేమిటో తన చెవులతో వినాలి. అరగంటసేపు విన్నాడు. రేకుల షెడ్డులో తలపెట్టి పది సుత్తులతో బాదించుకున్నట్టుంది. బయటికొచ్చి, "మీ మిషను బేరింగు పోయిందమ్మా" అన్నాడు.

"దీనికి బేరింగు ఉండదండి" అందా అమ్మాయి.

రిపోర్టు వచ్చింది. తలలో ఏమీ లేదన్నారు. "ముప్ఫై ఏళ్ళుగా నేను చెబుతోంది అదేగా" అంది భార్య మహబూబ్ బీ.

కానీ ఆ రాత్రి నుంచి చెవుల్లో మోత రెట్టింపైంది. మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి పరుగు.

"ఆ సన్నటి శ్రుతి మీ చెవులకి అందడం మానేసింది మేస్త్రీ. అందని దాన్ని మెదడు తనే మోగించుకుంటోంది. స్కాన్ వల్ల పెరిగిందో, కంగారు వల్ల పెరిగిందో ఇప్పుడే చెప్పలేను. దూది పెట్టుకున్నారుగా?"

"పెట్టుకోకపోతానా అండీ" అన్నాడు మజీద్, నేలచూపులు చూస్తూ.

ఇరవై ఒక్క రాత్రులు కన్ను మూతపడలేదు. ఊరు సద్దుమణిగేకొద్దీ చెవులు లేచి కూర్చునేవి. ఇది రోజుకింత పెరుగుతూ పోతే బతికినన్నాళ్ళూ ఇంతేనా? చేతులారా తనే తెచ్చుకున్నాడా? దూది సంగతి భార్యకి చెప్పలేడు. చెప్పకపోతే నిద్ర రాదు.

ఇరవై రెండోనాటి సాయంత్రం కొల్లేటి చేపల రైతు పాపారావు వచ్చాడు. తన చెరువు ఇంజను మొరాయించింది, చేపలు నీళ్ళ మీదికొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయన్నాడు. అడ్డదారి ఈల షెడ్డు మీదుగానే. పాపారావుని వెనక ఎక్కించుకుని మజీద్ తన ఎం-ఎయిటీ బండి పరిగెత్తించాడు. దాని రొదలో చెవుల రొద వినపడదని ఆయన సంబరం.

సరిగ్గా షెడ్డు ముందు... బండి ఆగిపోయింది.

చుట్టూ చీకటి. నీళ్ళ మీంచి చల్లగాలి.

మజీద్ ఊపిరి బిగబట్టాడు. ఏదో మారింది... ఏదో తగ్గింది...

చెవుల్లో మోత లేదు.

"మేస్త్రిగారూ..." వెనక నుంచి పాపారావు గుసగుస. "వినపడుతోందా అండీ?"

"ఏమిటి?"

"ఈల... విశ్వాసం ఈల..."

మజీద్‌కి ఏమీ వినపడలేదు. ఇరవై ఒక్క రోజుల తర్వాత మొదటిసారి, ఏమీ వినపడలేదు. గట్టు మీద చతికిలబడి హాయిగా బీడీ ముట్టించాడు. పాపారావు రెండడుగులు వెనక్కి వేశాడు - మేస్త్రిని దయ్యం పట్టేసిందని.

ఇంతలో గాలి పడిపోయింది. చెవుల్లో గుయ్యిమంది. "ఆగిందండీ" అన్నాడు పాపారావు. గాలి మళ్ళీ లేచింది. చెవులు చల్లబడ్డాయి. "మళ్ళీ వేస్తున్నాడండీ..."

మేస్త్రి బుర్రలో బల్బు వెలిగింది: చెవులకి అందడం లేదని డాక్టరుగారు చెప్పిన శ్రుతి ఈ ఈలదే. దడ లేదని చెప్పను. అయినా స్క్రూడ్రైవరు చెవికి ఆనించి షెడ్డు గోడంతా తడిమాడు. గోడలోంచి ఇంజను పొగగొట్టం బయటికి పొడుచుకుని ఉంది. వణుకుతోంది. తుప్పు తిన్నచోట చిన్న బెజ్జం.

బెజ్జం మీద బొటనవేలు పెట్టాడు. పాపారావు హమ్మయ్య అన్నాడు, మజీద్ చెవులు మోగాయి. వేలు తీశాడు. పాపారావు వణికాడు, మజీద్ నవ్వాడు. పెట్టాడు, తీశాడు.

"మీకు దణ్ణం పెడతాను, ఆడించకండి మేస్త్రిగారూ" అన్నాడు పాపారావు.

పాపారావు ఇంజను సంగతంటారా, నాజిల్లో చెత్త. పావుగంట పని. తిరిగొచ్చేటప్పుడు రంపంబ్లేడుతో షెడ్డు గొట్టాన్ని బెజ్జమున్నచోట మూరెడు కోసుకొచ్చాడు. ఇంట్లో టేబుల్ ఫ్యాను ముందు కట్టాడు. ఫ్యాను వేశాడు. తలగడ మీద తల పెట్టాడో లేదో, గురక.

వారం తిరిగేసరికి గట్టు మీద కొంగలు వాలాయి. ఏలూరులో మేస్త్రి ఉండే సందుకి మాత్రం చెడ్డపేరొచ్చింది. రాత్రి తొమ్మిది దాటితే ఆటోలు సందు మొగలోనే దింపేసేవి.

మహబూబ్ బీ చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేది. "అక్కడ మీరు పెట్టుకోవాల్సిన దూది ఇక్కడ నేను పెట్టుకుంటున్నాను" అందో రోజు.

మజీద్ గతుక్కుమన్నాడు. "నీకెలా తెలుసు?"

"చొక్కా ఉతికింది ఎవరండీ?"

ఆ బరువూ దిగిపోయింది. ఇక నిద్రకి అడ్డేముంది.

వైశాఖంలో ఒక రాత్రి కరెంటు పోయింది. కిటికీలు మూసే ఉన్నాయి. ఆకు కదలడం లేదు. మహబూబ్ బీ ఉక్కకి లేచి, చెవుల్లో దూది తీసింది. ఆయన్ని కుదిపింది.

"ఏవండీ... ఫ్యాను ఆగిపోయింది."

"ఊఁ..."

"ఈల ఆగలేదండీ."

మజీద్ చీకట్లో కళ్ళు తెరిచాడు. తన చెవులు తనే విన్నాడు. కుడి చెవి... ఎడమ చెవి... చుక్క మోత లేదు.

భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గొట్టం ఉన్న వైపు చూడకుండా, దుప్పటి మెల్లిగా తలదాకా లాక్కున్నాడు.

"విశ్వాసం..." అన్నాడు దుప్పట్లోంచి. "తెల్లారేదాకా కానివ్వు, నాయనా."