తాకే ముందు

అన్నం పళ్ళెం ముందు కూర్చుని ముత్యాలు తన వేలి ఉంగరాన్ని ముందు అన్నానికి, తర్వాత నీళ్ళకి, ఆఖరున తన గుండెకి ఆనించింది. మూడుసార్లూ ఆకుపచ్చగా వెలిగి, "నిర్మలం" అంది కిరణసూచి. ఆ పునరావాస పట్టణంలో ఇది వింతేమీ కాదు. తిండిలో, ఒంట్లో విషకిరణాలుంటే పసిగట్టే ఆ ఉంగరం లేని వేలు అక్కడ లేదు. దాని పుణ్యమా అని జనం భయం తగ్గి, మళ్ళీ బజార్లకీ పెళ్ళిళ్ళకీ వెళుతున్నారు.

ముత్యాలుకి మాత్రం తగ్గలేదు. ఏడేళ్ళ క్రితం, సముద్రపుటొడ్డున అణుకేంద్రం పేలిన రోజు, ఆమె ఒడినిండా ఇసుక తెచ్చి చెల్లెలితో బొమ్మరిల్లు కట్టింది. ఆ ఏడాదే చెల్లెలు జబ్బుచేసి పోయింది. ఆ ఇసుక వల్ల కాదని డాక్టర్లు ఎంత చెప్పినా ఆ పిల్ల మనసు ఒప్పుకోలేదు. అందుకే ఈ ఊళ్ళో పుట్టిన తమ్ముణ్ణి ఇంతవరకూ ఎత్తుకోలేదు. వాడు దగ్గరికొస్తే అరచేతికి ఉంగరం ఆనించి చూసి, పక్కకి తప్పుకుంటుంది.

"ఆ యంత్రం అబద్దమాడతాదేటే?" అని విసుక్కుంది తల్లి నూకరత్నం, పిల్లాణ్ణి కిందకి దింపి శుద్ధిజల కేంద్రానికి బయలుదేరుతూ.

"అబద్దమాడదమ్మా. సూసినంతసేపూ బాగానే ఉంటాది. సూడ్డం ఆపితేనే బయమేస్తాది."

"ఓపాలి ఎత్తుకోవే. ఆడు నీ తమ్ముడే."

ముత్యాలు మళ్ళీ అన్నానికి ఉంగరం ఆనించింది. తల్లికి జాలేసింది. బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళిపోయింది.

పిల్లాడు గడప పట్టుకుని లేవబోయి బోర్లాపడ్డాడు. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. ఏడుస్తూ, తప్పటడుగులతో అక్క దగ్గరికొచ్చాడు. ఎత్తుకోమని చేతులు చాచలేదు. ఒక్క అరచెయ్యి ముందుకు పెట్టి నిలబడ్డాడు. ముత్యాలు అలవాటుగా ఉంగరం ఆనించింది. ఆకుపచ్చగా వెలిగింది. వాడు ఏడుపు మింగి, ఎక్కిళ్ళ మధ్యే నవ్వాడు. వచ్చిన పని అయిపోయినట్టు వెనక్కి తిరిగి, గోడవారకి పోయి ఒక్కడే కూర్చున్నాడు.

అక్క అంటే ఆ ఆకుపచ్చ వెలుగు, అంతే అనుకున్నాడు వాడు. ఆ సంగతి ముత్యాలుకి అప్పుడే తెలిసింది. పళ్ళెం తోసేసి, ఉంగరం వైపు చూడకుండా వెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది. భయం పోలేదు.

"ఊరుకోరా నా బాబు. నానున్నాను కదా."

వాడికి ఆ చంక కొత్త. గింజుకున్నాడు. ఆపిన ఏడుపు మళ్ళీ అందుకుని, వెలుగు కోసం అరచెయ్యి ఆమె ముఖం ముందు చాపుతూనే ఉన్నాడు. ముత్యాలు వాణ్ణి దింపలేదు.