ఆగిన బండి

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి మౌక్తిక బల్ల మీద నలభై ఆరుగురు నిద్రపోతున్నారు. అందరిలోకీ పెద్దవాడికి పదమూడు నెలలు.

నలభై ఆరు ఊయలబండ్లు నగరం చుట్టూ వలయం రోడ్డు మీద డ్రైవరు లేకుండా, మెల్లగా, ఎక్కడికీ కాకుండా తిరుగుతున్నాయి. నేల మీద పడుకోబెడితే నిద్రపోయే పిల్లలు పుట్టడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు పుట్టేవాళ్లకు చక్రాలు తిరగాలి. చక్రాలు తిరుగుతుంటే చూసేందుకు మౌక్తిక లాంటి కునుకు కాపరులు కావాలి. ఆమె తెర మీద బండికో గడి, గడిలో బిడ్డ ముఖం, కింద మూడు అంకెలు: ఊపిరి, ప్రాణవాయువు, మెడవాలు. అన్నీ బాగుంటే గడి పచ్చగా ఉంటుంది. దాదాపు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

కాపరిశాలలో చెప్పుల చప్పుడు కూడా ఉండకూడదు. గోడంత బోర్డు మీద నగరం మొత్తం ప్రశాంతి అంకె వెలుగుతుంటుంది. ఇప్పుడు తొంభై ఎనిమిది. దాని కింద ఎప్పటికప్పుడు మారే వరుస ఒకటి, 'ఈ గంట ఉత్తమ కునుకు'. అందరికన్నా తక్కువ కదిలి, తక్కువ చప్పుడు చేసిన బిడ్డ బండి నంబరు అందులో పడుతుంది. తల్లుల ఫోన్లకూ వెళ్తుంది, మూడు పూలబొమ్మలతో.

318 నంబరు బండి వలయం దిగి, ఉప్పల్లో ఒక పళ్ల ఆస్పత్రి సెల్లారులోకి వెళ్లి ఆగింది. లోపలున్నది నాలుగు నెలల పాప. పేరు రాయాల్సిన చోట 'చిట్టక్క' అని ఉంది. బండి ఆగగానే, అలవాటు ప్రకారం, వెనక్కి వాలి ఉన్న సీటు నిటారుగా లేచింది. తల్లి వచ్చి ఎత్తుకోవడానికి వీలుగా ఉండాలని ఎవరో మంచి మనసుతో చేసిన ఏర్పాటు. సీటుతోపాటు పాప తల ముందుకు వచ్చింది. గడ్డం ఛాతీకి ఆనింది. మెడవాలు నలభై ఒకటి డిగ్రీలు.

అంతే, గడి మాయమైంది.

మాయం కావడంలో తప్పేమీ లేదు. చట్టం ప్రకారం కదిలినంతసేపే అది బండి. ఆగాక గది. గదిలో బిడ్డను కాపరి చూడటం గోప్యతను భంగపరచడం కిందికి వస్తుంది. నగరంలో ఆగిన బండ్లన్నీ తెర అంచున విశ్రాంతి వరుసలోకి వెళ్లిపోతాయి. అక్కడ అంకెలుండవు, చప్పుడు వినిపిస్తే కదిలే గీత మాత్రం ఉంటుంది. బండి ఆగిన వెంటనే బిడ్డను సీట్లోంచి తీసి సాపు మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాలని వాడకం పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. ఆ మంచం సీటు కిందే మడిచి ఉంటుంది. చాలా బండ్లలో దాని ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

మౌక్తిక పాప తల్లికి ఫోన్ చేసింది.

"ఏమైంది మేడం? పేషంటు కుర్చీల ఉన్నది." వెనక డ్రిల్లు మోత.

"భాగ్యగారూ, చిట్టక్కను తీసి సాపు మంచం మీద పడుకోబెట్టండి. రెండు నిమిషాల పని."

"తీస్తే లేస్తది."

"లేస్తే లేవనివ్వండి."

"మీకేంది మేడం, అంటరు. పొద్దుగాల నాలుగింటికెల్లి ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పండింది. ఈ నెల ఎనిమిది లేపుడులైనయ్. తొమ్మిదోదైతే బండి ఇంకొకరికిస్తరట. అప్పుడు దీన్ని సంకలేస్కొని పండ్లు పీకాల్నా?"

"అది కాదండీ. తల ముందుకు పడితే ఊపిరి..."

"మంచిగనే పండింది. నా బిడ్డకు ఫస్టొచ్చిందని ఇప్పుడే మెసేజొచ్చింది. సూడుండ్రి మీరే."

ఫోన్ పెట్టేసింది. మౌక్తిక తలెత్తి చూసింది. బోర్డు మీద ఈ గంట ఉత్తమ కునుకు: 318.

లేచి షిఫ్టు పెద్ద దగ్గరికి వెళ్లింది. పేరుకు ప్రభంజన్, మాట్లాడితే మాత్రం కాగితం కూడా కదలదు. పదకొండేళ్లుగా గుసగుసల్లోనే బతుకుతున్నాడు.

"సార్, 318 మెడవాలు నలభై ఒకటి మీద ఆగింది."

"ఆగిందా? ఆగితే మనది కాదు."

"బిడ్డ అదే కద సార్."

"బిడ్డ అదే. శాఖ వేరే." ఆమె ముఖం చూసి కొంచెం మెత్తబడ్డాడు. "పోయిన నెల ఆరుగుర్ని లేపినవ్. ఎన్ని ఫిర్యాదులొచ్చినయ్? ఇంజినీరింగు చదివినోళ్లతోని ఇదే తంటా. అంకె కనబడకపోతే మీకు ఊపిరాడదు."

"ఊపిరాడనిది నాకు కాదు సార్."

ఆయన తన తెర వైపు తిరిగాడు. మౌక్తిక తన బల్ల దగ్గరికి వచ్చింది. పాప గడ్డం ఛాతీకి ఆని నాలుగు నిమిషాలైంది.

కాపరులకు ఆగిన బండిని చూసే హక్కు లేదు, లేపే హక్కు అంతకన్నా లేదు. కానీ జరిపే హక్కు ఉంది. పార్కింగులో పక్క బండికి చోటు కావాలంటే ఇవ్వడానికి, ఎంత చిన్న ఉద్యోగికైనా ఒక మీట ఉంటుంది: జరుపు. మౌక్తిక అందులో అరడుగు అని కొట్టి, నొక్కింది.

ఉప్పల్ సెల్లారులో 318 చక్రం పావువంతు తిరిగింది. చట్టం ప్రకారం అది మళ్లీ బండి. సీటు వెనక్కి వాలింది. గడి తెరుచుకుంది.

ప్రాణవాయువు ఎనభై నాలుగు. పెదవుల చుట్టూ నీలిరంగు తెర లోపం అనుకోవడానికి వీల్లేకుండా ఉంది. గడి మాత్రం నిక్షేపంగా పచ్చగా ఉంది. రంగు పది నిమిషాల సగటును బట్టి మారుతుంది కాబట్టి ఎనభై నాలుగును నమ్మడానికి దానికింకా టైముంది.

సీటు మళ్లీ లేవకముందే మౌక్తిక రెండోసారి జరిపింది. మూడోసారి. పాప తల సీటు వెనక్కి ఆనింది. ఎనభై నాలుగు. ఎనభై ఐదు. చప్పుడు గీత కదల్లేదు. ఎనభై ఐదు. ఎనభై తొమ్మిది. ఉన్నట్టుండి గుడ్డ చిరిగినట్టు ఏడుపు.

ఫోన్ మోగింది.

"లేపిండ్రా?"

"లేపాను."

"తొమ్మిదైనయ్ మేడం." భాగ్య గొంతులో కోపం కన్నా అలుపే ఎక్కువుంది. "మీకు చెప్పిన గద."

"ప్రాణవాయువు ఎనభై నాలుగు ఉండింది."

డ్రిల్లు ఆగింది. రోజూ మత్తిచ్చేముందు పేషంటు వేలికి క్లిప్పు పెట్టే మనిషికి ఆ అంకె విడమరచి చెప్పక్కర్లేదు. తర్వాత ఫోన్లో మెట్ల మీద అడుగులు వినిపించాయి, ఒకేసారి రెండేసి.

మౌక్తిక కళ్లు తుడుచుకుంటూ గోడ వైపు చూసింది. బోర్డు 318ని తీసేసి, తర్వాతి నంబరును పైకి తెచ్చింది. ఈ గంట ఉత్తమ కునుకు: 127. మూడు పూలబొమ్మలు.

127 కూడా ఆగి ఉన్న బండే.

ఆమె విశ్రాంతి వరుసను పైనుంచి కిందికి చూసింది. ఊరంతటా ఆఫీసుల కింద, మాల్స్ కింద, ఇళ్ల ముందు రెండొందల పదకొండు బండ్లు. రెండొందల పదకొండు సీట్లు నిటారుగా. ఒక్క గీతా కదలడం లేదు. ఊళ్లో ఇంత ప్రశాంతి ఎక్కణ్ణించి వస్తోందో ఆమెకు అర్థమైంది.

అన్నింటినీ ఎంచుకుంది, ఆపేదాకా మళ్లీ మళ్లీ జరిగేలా. జరుపు. అరడుగు.

తెర నిండా గడులు తెరుచుకున్నాయి. పచ్చ గడుల్లో ఎనభై ఎనిమిది, తొంభై నాలుగు, ఎనభై ఒకటి. తొంభైకి లోపున్నవి ముప్ఫై పైనే. మొదటి ఏడుపు కూకట్‌పల్లి నుంచి వచ్చింది. తర్వాత మూడు, తర్వాత ఇరవై, తర్వాత లెక్క తెలియని హోరు స్పీకర్లలోంచి పొర్లింది. కాపరులు కుర్చీల్లోంచి లేచారు. ప్రశాంతి అంకె డెబ్బై దాటి, నలభై దాటి, పదకొండుకు పడిపోయింది.

"మౌక్తికా, ఏం చేసినవ్?" ప్రభంజన్ అరవాల్సి వచ్చింది. ఆయన అసలు గొంతు ఎలా ఉంటుందో ఆ గదిలో అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

"చప్పుడు చేసినవాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తున్నా సార్. ఆగండి."

గీత కదిలిన ప్రతి గడినీ ఆమె పక్కకు నెట్టేస్తోంది. నూటయాభై. నూటతొంభై. ప్రభంజన్ చెయ్యి అన్నింటినీ తిరిగి ఆపే మీట వైపు వెళ్లి, తెర మీది అంకెలు చూసి, గాల్లోనే ఆగిపోయింది. రెండొందల ఐదు. రెండొందల పది.

ఒక్క గడి మిగిలింది. 127. సీటు వెనక్కి వాలే ఉంది. గడి పచ్చగా ఉంది. ప్రాణవాయువు దగ్గర అంకె లేదు, చిన్న అడ్డగీత. ప్రాణవాయువు కొలిచే కాలి పట్టీ ఊడిపోయినా అడ్డగీతే వస్తుంది.

"పట్టీ ఊడి ఉంటది," అన్నాడు ప్రభంజన్.

"ఉండొచ్చు సార్."

ఆయన తన హెడ్‌సెట్ తీసి తలకు పెట్టుకున్నాడు. "తండ్రి నంబరు నాకియ్యి. నువ్వు తల్లికి చెయ్యి."

రెండు ఫోన్లూ మోగుతున్నాయి. రెండొందల పదిమంది పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. వాళ్లందరి తలల మీదుగా, గోడ మీది బోర్డు ఆ గంట ఫలితాన్ని మరోసారి సరిచూసుకుని, మార్చాల్సిన అవసరం కనిపించక, అలాగే ఉంచింది.

ఈ గంట ఉత్తమ కునుకు: 127.