ఇల్లు కనపడని డెస్క్‌టాప్

లిఫ్ట్ వచ్చిందనుకుని అన్న ముందుకు అడుగేశాడు. తలుపులు తెరుచుకున్నాయి గానీ లిఫ్ట్ మాత్రం రాలేదు. అతను ఆగబోయేంతలో వెనకనుంచి ఒక చెయ్యి చాలా మర్యాదగా తోసింది.

పోలీసులు దాన్ని ప్రమాదం అని రాసుకున్నారు. అన్నదమ్ములిద్దరూ పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్ హత్య అనుకుంది. తమ్ముడికి ఈ రెండు మాటలూ చాలలేదు.

తమ్ముడి కోడ్ నేమ్ ముంగిస. వేషం వేస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. కోపం వస్తే మాత్రం దూరం నుంచే ఎవరైనా గుర్తుపడతారు. చీఫ్ గదిలోకి వచ్చినప్పుడు అతను ఆ రెండో స్థితిలో ఉన్నాడు.

"మీ అన్న అమ్మోనియా టెర్మినల్‌లో ఏడాదిగా డెస్క్‌టాప్ టెక్నీషియన్ వేషంలో ఉన్నాడు," అన్నాడు చీఫ్. "అక్కడి మేనేజర్ విదేశీ ముఠా మనిషి. కంప్యూటర్ ద్వారా ట్యాంకు వాల్వులు తెరిపించాలని ప్లాన్. తెరుచుకుంటే విషవాయువు కమ్మి గోడ అవతల క్వార్టర్స్‌లో పురుగు కూడా మిగలదు."

"ఎలా తెరిపిస్తారు?"

"అది మనకి చేరేలోగా మీ అన్న పోయాడు. ఇంకోమాట, తప్పుగా అనుకోకు. ఏడాదిలో ఒక్క కంప్లైంటు కూడా తీర్చలేదట. స్టాఫ్ అంతా ఆడిపోసుకునేవాళ్లు."

"మా అన్నకి బల్బు మార్చడం కూడా రాదు. వేషం మీరే తప్పు వేశారు."

చీఫ్ దగ్గాడు. "కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జి డెస్క్‌టాప్ పనిచెయ్యట్లేదు. మేనేజర్ బయటి కంపెనీ నుంచి టెక్నీషియన్‌ని పిలిపించాడు. ఆ వచ్చేవాడివి నువ్వే. లోపల మన మనిషి ఉన్నారు. మీ వదిన."

వదిన ఆ మేనేజర్‌కి సెక్రటరీ. ఆమె డిపార్ట్‌మెంట్ మనిషేనని చీఫ్ నమ్మకం. తన మనిషేనని మేనేజర్ నమ్మకం. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషిని నమ్మే అలవాటు ముంగిసకి లేదు.

"అన్న ఎవరో అక్కడ ఆవిడ ఒక్కరికే తెలుసు," అన్నాడు.

"ఆవిడ 'ఏసీ మరీ చల్లగా ఉంది' అంటే చేస్తున్న పని వెంటనే ఆపెయ్యాలి. అది కోడ్. నమ్ముతావో లేదో నీ ఇష్టం."

టూల్‌బ్యాగ్‌లో అసలు స్క్రూడ్రైవర్లు నాలుగుంటే, పిడిలో మత్తుసూది దాచినది ఒకటి. ఆ బ్యాగు పట్టుకుని ముంగిస బయల్దేరాడు.

టెర్మినల్ గేటు దగ్గర ఫోన్ లాక్కున్నారు. మెట్ల పైన వదిన నిలబడి ఉంది. పట్టు స్కార్ఫు, హైహీల్స్, మొహం సగం కప్పేసే నల్లకళ్లద్దాలు. కట్టుకున్నవాడు పోయి నెల కూడా తిరగలేదు, ఈ సోకులేమిటని ముంగిసకి ఒళ్లు మండింది.

"మీరేనా టెక్నీషియన్?"

"అవును మేడమ్. ఇంతకుముందు ఉన్నాయన లిఫ్ట్‌లో పడిపోయారట కదా."

ఆమె వెనక్కి తిరిగి నడిచింది.

కంట్రోల్ రూమ్‌లో మేనేజర్ అతన్ని కాళ్లనుంచి తలదాకా చూశాడు. "పాతవాడు ఉత్త దద్దమ్మ. ఎప్పుడు పిలిచినా చూస్తాను సార్ అనేవాడు. చూసి వెళ్లిపోయేవాడు. నువ్వూ అంతేనా?"

"నేను బాగుచేస్తాను సార్," అన్నాడు ముంగిస. ఆ మాట అన్నప్పుడు పళ్లు కొరుక్కున్న చప్పుడు మేనేజర్‌కి వినపడకపోవడం అదృష్టం.

ఆ బిల్డింగ్‌లో ఎవరి ఫైళ్లూ వాళ్ల కంప్యూటర్‌లో ఉండవు. అన్నీ లినక్స్ డెస్క్‌టాప్‌లు. ఒక్కొక్కరి హోమ్ డైరెక్టరీ, అంటే వాళ్ల సొంత ఇల్లు లాంటిది, కింది అంతస్తులో సర్వర్ మీద ఉంటుంది. ఏ కుర్చీలో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టినా ఆ ఇల్లు నెట్‌వర్క్ మీద నడిచి వస్తుంది. ఇన్‌ఛార్జి డెస్క్‌టాప్‌కి మాత్రం రావడం మానేసింది. పాస్‌వర్డ్ ఒప్పుకుంటుంది, కాసేపు తెర నల్లబడుతుంది, మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది.

మేనేజర్ అతనికి డెస్క్‌టాప్‌లన్నిటి రూట్ పాస్‌వర్డ్ చెప్పాడు. రూట్ అంటే ఆ మెషీన్‌కి సర్వాధికారి. ముంగిస పనిలోకి దిగాడు. కేబుల్ బాగుంది. సర్వర్‌ని పలకరిస్తే పలికింది. ఇంటిని తెమ్మని అడిగితే మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు. పక్క డెస్క్‌టాప్‌లో అదే పని చిటికెలో అయింది. కాబట్టి రోగం సర్వర్‌కి కాదు, ఈ మెషీన్‌కే.

మెషీన్‌లోకి వచ్చే దారులకి కాపలా కాసే ఫైర్‌వాల్ తెరిచి చూశాడు. అన్ని దారులూ బార్లా తెరిచి ఉన్నాయి, ఇల్లు వచ్చే దారి ఒక్కటి తప్ప. దాన్ని ఎవరో పనిగట్టుకుని ఒకే ఒక్క రూల్‌తో మూసేశారు.

అతని వేలు డిలీట్ మీదికి వెళ్తుండగా వదిన సంతకాల కాగితాలతో లోపలికి వచ్చింది. "ఇక్కడ ఏసీ మరీ చల్లగా ఉంది," అంది.

వేలు ఆగింది. అన్న చివరిసారి ఇదే గొంతు నమ్మి ఉంటాడు. ఆపమంటోందంటే అవతల తనకి కనపడకూడనిది ఏదో ఉందన్నమాట.

"చలిగా ఉంటే శాలువా కప్పుకోండి మేడమ్," అన్నాడు. రూల్ తీసేశాడు.

ఇల్లు వచ్చేసింది. పని చక్కగా కుదిరినప్పుడు కలిగే సంతోషం అతనికీ కలిగింది, దాచుకోవడమెందుకు. మేనేజర్ అంతకంటే సంతోషించాడు. ఆ కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు. "షిఫ్ట్ సైరన్ మోగగానే ఇన్‌ఛార్జి వచ్చి లాగిన్ అవుతాడు. అందాకా ఈ డెస్క్ దగ్గరికి ఎవరూ రాకూడదు." వదిన వైపు తిరిగాడు. "ఇతన్ని నీ గదిలో కూర్చోబెట్టు. పనయ్యాక నేనే లిఫ్ట్‌లో దింపుతాను."

గది తలుపు మూసుకోగానే ముంగిస చెంప ఛెళ్లుమంది.

"ఆ రూల్ పెట్టింది మీ అన్న," అంది వదిన.

అతను చెంప తడుముకున్నాడు.

"ఇన్‌ఛార్జి హోమ్‌లో వీళ్లు ఒక స్క్రిప్ట్, అంటే కంప్యూటర్‌కిచ్చే ఆజ్ఞల చిట్టా, పెట్టారు. ఆయన లాగిన్ అయిన క్షణం అది దానంతటదే నడుస్తుంది. వాల్వులు తెరిచే అధికారం ఆయనొక్కడిదే. అదీ ఆ డెస్క్ నుంచే. పాపం ఆయనకేమీ తెలీదు. మీ అన్నకి ఆ స్క్రిప్ట్ చెరపడం చేతకాలేదు. ఇల్లే రాకపోతే స్క్రిప్టూ రాదని దారి మూసేశాడు. ఆయన పోయాక ఇక్కడివాళ్లందరి ఫోన్లూ వింటున్నారు, చీఫ్‌కి కబురు పంపలేకపోయాను. ఆయన మూసిన తలుపు నువ్వొచ్చి తీశావు. పైగా శాలువా కప్పుకోమన్నావు."

"మీరే అన్నని పట్టించారనుకున్నాను."

"తెలుసు. మెట్ల దగ్గర నీ మొహంలోనే చదివాను. ఏడాదిపాటు ఒక్క కంప్లైంటూ తీర్చని టెక్నీషియన్‌ని వేరే ఎవరైనా పట్టివ్వాలా?"

అద్దాల గోడలోంచి కంట్రోల్ రూమ్ కనపడుతోంది. మేనేజర్ కుర్చీలోంచి కదల్లేదు. ముంగిస వదిన డెస్క్‌టాప్ ముందు కూలబడ్డాడు. అదే రూట్ పాస్‌వర్డ్ ఇక్కడా పనిచేసింది. ఇల్లు ఉన్నది సర్వర్‌లో కదా, ఏ డెస్క్‌టాప్ నుంచైనా దానికో గుమ్మం ఉంటుంది. ఇన్‌ఛార్జి హోమ్‌లోకి వెళ్లాడు. స్క్రిప్ట్ కనపడింది. చెరపబోయాడు.

'పర్మిషన్ డినైడ్' అంది తెర.

"నువ్వు రూట్‌వి కదా?" అంది వదిన.

"ఈ మెషీన్ వరకే. సర్వర్ దగ్గరికి వెళ్తే రూట్‌ని కూడా దారినపోయే దానయ్య కింద కడుతుంది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. చూడనిస్తోంది గానీ ముట్టనివ్వట్లేదు."

"మీ అన్న కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోయాడు."

సైరన్ మోగింది. కారిడార్‌లో ఇన్‌ఛార్జి చెప్పుల చప్పుడు వినపడింది. పెద్దాయన, తీరిగ్గా నడుస్తాడు. ఆ తీరికే ఇప్పుడు క్వార్టర్స్‌లో ఉన్నవాళ్ల ఆయుష్షు.

ముంగిస స్క్రిప్ట్ పక్కన ఉన్న వివరాలు చూశాడు. యజమాని పేరు, దాని వెనక ఒక నంబరు. అతను కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు.

"వదినా, ఈ సర్వర్‌కి పేర్లు పట్టవు. డెస్క్‌టాప్ ఏ నంబరు చెబితే ఆ నంబరే నమ్ముతుంది. పాతకాలపు సెట్టింగ్. ఈ మెషీన్‌లో నేను అదే నంబరుతో ఒక కొత్త మనిషిని పుట్టిస్తే?"

"సర్వర్ వాణ్ణే ఇన్‌ఛార్జి అనుకుంటుందా?"

"చచ్చినట్టు అనుకుంటుంది."

"అయితే మాట్లాడుతూ కూర్చోకు."

అద్దం అవతల మేనేజర్ లేచి, ఇన్‌ఛార్జికి ఎంతో గౌరవంగా కుర్చీ జరిపాడు. ముంగిస కొత్త యూజర్‌ని తయారుచేశాడు.

"ఏం పేరు పెట్టావు?"

"దద్దమ్మ," అన్నాడు ముంగిస.

దద్దమ్మ పేరుతో లోపలికి వెళ్తే సర్వర్ నోరెత్తకుండా దారిచ్చింది. చెరిపితే మేనేజర్ ఇంకో దారి వెతుక్కుంటాడు. అందుకని ముంగిస స్క్రిప్ట్ తెరిచి, వాల్వులు తెరవమనే ఆజ్ఞ తీసేసి, ఎమర్జెన్సీ షట్‌డౌన్ ఆజ్ఞ పెట్టాడు. సేవ్ కొట్టాడు. తెర బిగుసుకుపోయింది. 'సర్వర్ నాట్ రెస్పాండింగ్'.

ఇన్‌ఛార్జి కళ్లజోడు తుడుచుకున్నాడు. పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం వెతికి కొట్టసాగాడు. వదిన ముంగిస భుజం పట్టుకుంది. ఆమె గోళ్లు దిగుతున్న సంగతి ఇద్దరికీ తెలియలేదు.

తెర కదిలింది. సేవ్ అయింది. అవతల ఇన్‌ఛార్జి ఎంటర్ నొక్కాడు.

బిల్డింగ్ అంతా ఎర్రలైట్లు వెలిగాయి. వాల్వులు బిగుసుకున్నాయి, గేట్లు మూసుకున్నాయి, కాపలావాళ్లు బూట్లు టకటకలాడిస్తూ పరిగెత్తుకొచ్చారు. మేనేజర్ అందరికంటే ముందు కారిడార్‌లోకి దూకి లిఫ్ట్ బటన్ పిచ్చిగా నొక్కాడు. వెనకనుంచి ఒక స్క్రూడ్రైవర్ అతని మెడకి చాలా మర్యాదగా తగిలింది.

"షట్‌డౌన్‌లో లిఫ్ట్ రాదు సార్," అన్నాడు ముంగిస. "మెట్లమీదుగా మోసుకెళ్తారు లెండి."

మేనేజర్‌ని మోసుకెళ్లాక వదిన మెట్లమీద కూర్చుని నల్లకళ్లద్దాలు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి. ఆ అద్దాలు సోకు కాదని ముంగిసకి అప్పుడు అర్థమై సిగ్గేసింది. పక్కనే కూర్చున్నాడు.

"నన్ను క్షమించండి వదినా."

లోపల ఇన్‌ఛార్జి ఎవరినో పట్టుకుని, లాగిన్ అయితే ఈ ఎర్రలైట్లేమిటి, ఆ టెక్నీషియన్ ఏం బాగుచేశాడని దెబ్బలాడుతున్నాడు.

"నీ అంత పనిమంతుడు కాదు మీ అన్న," అంది చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "అందుకే ఇన్నాళ్లూ ఈ ఊరు బతికింది."