అడుగుల అరిసెలు

ప్రవళికకు బిడ్డ పుట్టిన కాన్నుంచి నోట్‌బుక్కు చేతిల నుంచి దిగలే. సారిక ఎన్నో దినం తుమ్మింది, మొదటిసారి మార్కెట్‌కు ఎత్తుకపోతే ఎంతసేపు పండుకుంది... అన్నీ తారీఖు ఏసి రాసుడే. "లోకంల నీకొక్కదానికేనా బిడ్డ పుట్టింది?" అని అత్త సరోజన ఎక్కిరించేది. అట్లని ఆమె తక్కువ తినలే. పిల్ల నవ్వితే నువ్వుల ముద్దలు, బోర్ల పడితే పూర్ణం పోలెలు, అడుగులేస్తే అరిసెలు. బొగ్గుబాయి క్వార్టర్లల్ల తమ లైను మొత్తానికి పంచితేనే ఆమెకు తృప్తి.

మూడో నెల నిండకముందే సారిక కిలకిల నవ్వింది. సరోజన నువ్వుల ముద్దలు గిన్నెలల్ల పెట్టి ఇంటింటికీ ఇచ్చొచ్చింది. తాళమేసిన చివరి క్వార్టర్ ముంగట కూడా ఒక గిన్నె పెట్టింది. చేసిన తప్పల్లా అదే.

గిన్నెను ఎవ్వరూ ఉత్తగ తిరిగియ్యరు గదా! చిటికెడు చక్కెరో, పిడికెడు బియ్యమో ఏసిస్తరు. అన్ని గిన్నెలు అట్లనే వచ్చినయి. చివరిది మాత్రం వారం తర్వాత పొద్దున తలుపు తీసేసరికి గడప మీదుంది. నిండా పోలెలు. ఇంకా వేడిగున్నయి. ఆ సాయంత్రమే సారిక బోర్ల పడ్డది.

ఎవరో పెట్టి పోయి ఉంటరనుకొని ప్రవళిక తారీఖు రాసుకుంది. సరోజన కూడా పోలెలు చేసి మళ్ల అందరికీ పంచింది. చివరి గడపకు కూడా.

నాలుగో నెల పడ్డంక గిన్నె మళ్ల వచ్చింది. ఈసారి అరిసెలు.

సరోజన మొఖం పాలిపోయింది. గొంతు తగ్గించి చెప్పింది.

"గా తాళమేసిన ఇంట్ల వనిత అని ఉండేది. బిడ్డ అడుగులేస్తదని ముందే అరిసెలు వండుకుంది. అడుగెయ్యకముందే జరమొచ్చి పిల్ల పోయింది. ఎనకనే తల్లి కూడా పోయింది. పాపమనిపిచ్చి గిన్నె పెట్టిన..."

"గిది ఇప్పుడా చెప్పుడు, అత్తమ్మా?"

"వద్దనకు బిడ్డా, తీస్కో. కోపం జేస్తది."

"చెయ్యనీ!"

వెనుక మంచం కిర్రుమన్నది. ఇద్దరూ తిరిగి చూసిండ్రు. చాప మీద పండుకోవాల్సిన సారిక... మంచం కోడు పట్టుకొని నిలబడ్డది. ఇంకా కూసునుడే రాని పిల్ల. ఎడమ కాలు లేపింది. ప్రవళిక ఒక్క దుంకు దుంకి ఎత్తుకుంది.

ఇగ ఆగలే. ఒక చంకల బిడ్డ, ఒక చేతిల గిన్నె. ఎర్రటి ఎండల చివరి క్వార్టర్ కాడికి పోయింది. మొగోళ్లంత బొగ్గుబాయిలకు దిగిండ్రు, లైను సప్పుడు లేకుంట ఉంది. తలుపుకు తుప్పు పట్టిన తాళం. సందుల నుంచి బెల్లం పాకం వాసన... కాగుతున్న నూనె వాసన...

"వనితక్కా. నా బిడ్డకు ఇంకా నాలుగో నెలనే. అది నడిచే దినం నడుస్తది. ఆ దినం అరిసెలు నేనే వండుకుంట. నీ తీపి నాకద్దు."

లోపల సప్పుడు. చిన్న కాళ్లు. ఉరికొస్తున్నయి... తలుపు కాడ ఆగినయి.

చంకల సారిక కాళ్లు కట్టెలెక్క బిగుసుకున్నయి. నేల కోసం తన్నుకుంటుంది. దించుమని ఏడుస్తుంది. ప్రవళిక నడుముకు ఇంకింత అదుముకుంది.

"దించనంటే దించ! ఏం జేసుకుంటవో చేస్కో!"

అరిసెలన్నీ గడప మీద కుమ్మరిచ్చింది. ఉత్త గిన్నె తీసుకొని వెనుకకు తిరిగి చూడకుంట ఇంటికొచ్చింది. ఎక్కడా నడక తగ్గియ్యలే.

సాయంత్రం దాకా బిడ్డను నేల మీద పెట్టలే. ఒళ్లెనే పాలిచ్చింది, ఒళ్లెనే పండబెట్టింది. ఒక్క చేత్తో నోట్‌బుక్కు తీసి 'నాలుగో నెల. నడువలే' అని పెద్ద అక్షరాలతోని రాసింది. భర్త మొగిలి డ్యూటీ దిగి వచ్చిండు. అప్పుడు బిడ్డ స్నానానికని ప్రవళిక కాళ్లు సాపుకొని, వాటి మీద సారికను పండబెట్టి నీళ్లు పోసింది. పిల్ల నిద్రలకు జారింది.

అరికాళ్లు నల్లగున్నయి. బొగ్గు పొడి.

పొద్దటి సంది నేలకు తాకని కాళ్లు. రుద్దింది. పొడి పోయింది. కింద మడిమెలు పగిలి ఉన్నయి, ఏండ్ల సంది చెప్పుల్లేకుంట తిరిగిన మనిషి మడిమెల్లెక్క.

ప్రవళిక ఏడువలే. రెండు పాదాలనూ పిడికిట్ల గట్టిగ పట్టుకుంది. "ఎంత దూరం నడిపిచ్చినా నా బిడ్డను ఇడువ, వనితక్కా" అంది గడప దిక్కు చూసి.

సారిక నిద్రలనే ఉంది. పిడికిట్ల పాదాలు మాత్రం మెల్లగ కదులుతున్నయి... ఒకటెనుక ఒకటి.