ఆరుద్ర దర్శనం

మిట్టమధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి తిప్ప మీద యంత్రాన్ని పరీక్షకు ఆన్ చేశారు. తొమ్మిది నిమిషాల్లో మబ్బుకు చిల్లు పడింది.

అప్పటిదాకా మద్దిగుండు మీద ఆకాశం బూడిదరంగు దుప్పటి కప్పుకుని ఉంది. నడినెత్తిన ముందు పళ్లెమంత నీలం కనిపించింది, చూస్తుండగానే అది ఊరంతయింది. ఎండ ఒక్కసారిగా మొహాల మీద పడింది. తారావిహార సంఘం వాళ్లు చప్పట్లు కొట్టారు. సంఘం అధ్యక్షుడు బసవరాజప్ప, బజారులో బట్టల కొట్టాయన, భుజం మీది కండువా తీసి గాలిలో గిరగిరా తిప్పాడు. సుంకులమ్మ ఒక్కతే చేతులు కట్టుకుని నిలబడింది.

తిప్ప ఆమెదే. తిప్ప కింద ఉన్న ఆరెకరాల చేనూ ఆమెదే. ఐదు రోజుల కిందట మృగశిర కార్తె వానకు నేల పదునైతే శనక్కాయలు విత్తింది. రెండు వారాల్లోపు ఇంకొక్క వాన పడాలి. పడకపోతే మొలక మట్టిలోనే మాడిపోతుంది. మళ్లీ విత్తుదామంటే ఇంట్లో మిగిలింది ఒక్క గోతాం విత్తనం.

అసలు ఈ సంబరమంతా ఎందుకంటే, ఈ కథ జరిగే కాలానికి నగరాల్లో చుక్కలు కనిపించడం మానేసి చాలా ఏళ్లయింది. రాత్రంతా దీపాలు, పైన దుమ్ము. చంద్రుడు తప్ప ఆకాశంలో ఇంకేమైనా ఉంటుందని పెద్దవాళ్లు చెబితే పిల్లలు నమ్మడం లేదు. ఫ్యాక్టరీ రాలేదు, పెద్ద రోడ్డు రాలేదు, వీధి దీపాలు సగం వెలగవు అని నలభై ఏళ్లుగా ఏడ్చిన మద్దిగుండుకు ఆ ఏమీ లేకపోవడమే కలిసొచ్చింది. చీకటి చూడ్డానికి జనం వస్తామన్నారు. ఆరుద్ర కార్తె మూడో రోజు రాత్రికి నాలుగు వేల మంది పేర్లు రాయించుకున్నారు. 'ఆరుద్రలో ఆరుద్ర దర్శనం' అని బసవరాజప్ప ప్రకటన వేయించాడు. వానాకాలం కదా, మబ్బుంటే ఎలా అని ఎవరో అడిగితే యంత్రాన్ని, దాంతోపాటు డాక్టర్ తబస్సుమ్‌నూ పిలిపించాడు.

తబస్సుమ్ మేఘాల శాస్త్రవేత్త. సొంతూరు ఆదోని. మాట నెమ్మది. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప ఇంకో విద్య రాని మనిషి.

సుంకులమ్మ ఆమె దగ్గరికి వెళ్లింది. "మేడం, ఆ మబ్బు యాడికి పాయ?"

"ఎక్కడికీ పోలేదమ్మా. మబ్బంటే గాలిలో తేలే సన్నటి నీటి చుక్కలు. అవి ఒకదాన్నొకటి అంటుకుని బరువెక్కితే వానవుతుంది. ఈ యంత్రం కింద నుంచి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు పంపి పైన గాలిని కాస్త వేడి చేస్తుంది. తడిగుడ్డ ఆరిపోయినట్టు మబ్బు ఆరిపోతుంది. చుట్టూ పన్నెండు కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది."

"అట్లయితే ఇంకో ఊర్లో కూడా పడదా?"

"పడదమ్మా."

ఇక్కడ పడాల్సింది పక్కూళ్లో పడిందంటే ఏదో ఒక చేను తడిసిందని సమాధానపడొచ్చు. ఎక్కడా పడదనేసరికి సుంకులమ్మ తిరిగి తిప్ప కింది చేను వైపు చూసింది. ఒక్క రాత్రికేలే అనుకుని ఆమె తిప్ప ఇచ్చింది. ఆ ఒక్క రాత్రే వాన రావాల్సిన రాత్రి అయితే?

సాయంత్రం బడి వరండాలో మీటింగ్ పెట్టారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, మంచినీళ్లు ఎక్కడ పెట్టాలి, చాపలు ఎన్ని కావాలి అన్న మాటలన్నీ అయ్యాక బసవరాజప్ప అడిగాడు, "ఇంగ ఎవరన్నా చెప్పేదుందా?"

సుంకులమ్మ లేచింది. పదిమందిలో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. అయినా చెప్పాలి. అదృష్టం కొద్దీ ఆమె చేతికి ఒక నిజం దొరికింది.

"రాజప్పా, నువ్వు కాగితం మీద ఏసినావు గదా ఆరుద్ర చుక్క, అది ఇప్పుడు కనపడదు."

"ఏందక్కా? ఆరుద్ర కార్తెలో ఆరుద్ర కనపడకుండా యాడికి పోతాది?"

"కార్తె అంటేనే అది గదప్పా! సూర్యుడు పోయి ఆ చుక్క కాడ ఉండే దినాలకు ఆ చుక్క పేరు పెట్టినారు. పొద్దుతో పాటే పుడతాది, పొద్దుతో పాటే మునుగుతాది. రాత్రికి యాడుంటాది? మా నాయన గొర్రెల కాడ పండుకోని ఇరవై ఏడు చుక్కలూ చూపిచ్చినాడు నాకు. ఆరుద్రను చూడాలంటే చలికాలం రావల్ల. అప్పుడు వానలూ ఉండవు, పంట ఇంటికొచ్చుంటాది. మార్గశిరంలో పెట్టుకో, మా తిప్ప ఊరికే ఇస్తా."

వరండాలో నవ్వు లేచింది. తబస్సుమ్ మాత్రం నవ్వలేదు. ట్యాబ్ తీసి లెక్క చూసింది. మొహం పాలిపోయింది.

"సుంకులమ్మ గారు చెప్పింది నిజం. నేను మబ్బుల సంగతే చూశాను గానీ చుక్క సంగతి చూడలేదు. ఆ నక్షత్రం ఇప్పుడు సూర్యుడి పక్కనే ఉంది. రాత్రి కనిపించదు."

నవ్వు ఆగిపోయింది. వానలకు ఆరుద్ర పేరు చెప్పుకుని తరతరాలుగా బతికిన ఊళ్లో ఆ పేరుగల చుక్క ఎప్పుడు ఎక్కడుంటుందో ఒక్కరికీ తెలియదని తేలిపోయింది. బసవరాజప్ప కండువాతో మెడ తుడుచుకున్నాడు. సుంకులమ్మ గుండె తేలికపడింది. ఇక వాయిదా వేయక తప్పదు. చేను బతికిపోయినట్టే.

బసవరాజప్ప ఏదో తట్టినట్టు తలెత్తాడు.

"మేడం, సూర్యుని పక్కన ఉందంటిరి. అంటే పగలు మన నెత్తిమీదనే ఉన్నట్ల గదా?"

"ఉంటుంది."

"పగలే చూపించేదానికి కాదా?"

తబస్సుమ్‌కు అబద్ధం చెప్పడం రాదన్నాం కదా. "పరికరం ఉంటే కుదురుతుంది," అంది. "చుక్కలు పగలు కూడా ఉంటాయి, వెలుతురు వల్ల కనిపించవు, అంతే. ఎండ అద్దంలో పడకుండా అడ్డుపెట్టి, టెలిస్కోప్‌కు ఇన్‌ఫ్రారెడ్ కెమెరా తగిలిస్తే అంత పెద్ద చుక్క దొరుకుతుంది. కాకపోతే పలచటి మబ్బు పొర కూడా ఉండకూడదు..."

అక్కడికి వచ్చి ఆగిపోయింది. ఏమన్నదో ఆమెకు అప్పటికి అర్థమైంది.

బసవరాజప్ప కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "పట్టపగలు చుక్క! సిటీ వాళ్లు కాదు, దేశంలో ఎవడు చూసినాడు? నాలుగు వేలు కాదు, నలభై వేల మంది వస్తారు, ఒక్క దినం చాల్తాదా? కార్తె పద్నాలుగు దినాలూ పెడదాం. యంత్రం ఆపేది లేదు. అక్కా, నీ నోట్లో చక్కెర పొయ్య, ఊరిని నిలబెట్టినావు!"

సుంకులమ్మ గొంతు పెంచింది. "నేను ఒక్క రాత్రికే ఒప్పుకున్నా రాజప్పా! నా తిప్ప ఇయ్యను!"

"నువ్వు ఇయ్యకపోతే పక్క తిప్ప ఎర్రెప్పది. వాడు ఇస్తాడు," అన్నాడు బసవరాజప్ప. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. ఆమెకు భయం వేసింది ఆ నవ్వుకే. ఎక్కడ పెట్టినా చేను ఆ పన్నెండు కిలోమీటర్ల లోపలే కాబట్టి యంత్రం ఆమె తిప్ప మీదే ఉండిపోయింది.

ఆరుద్ర కార్తె వచ్చింది. రోజూ పొద్దున పడమట మబ్బులు లేచేవి. నల్లగా, నిండుగా, నీటి వాసనతో ఊరి పొలిమేర దాకా వచ్చేవి. తిప్ప మీద యంత్రం సన్నగా జుమ్మనేది. అంతే, అంచులు చిరిగి, పలచబడి మాయమైపోయేవి. సుంకులమ్మ మూడో రోజు చేను గీకి చూసింది. గింజ ఉబ్బి, తెల్లటి మోసు బయటపెట్టింది. ఆరో రోజు మోసు పసుపుపచ్చగా ఉంది. తొమ్మిదో రోజు వేళ్ల మధ్య నలిపితే పొడైంది. ఆ తర్వాత ఆమె చేను వైపు పోలేదు.

మిగిలిన ఒక్క గోతాం మీదే ప్రాణం పెట్టుకుంది. పునర్వసు కార్తెలో వాన పడితే రెండెకరాలకైనా వస్తుంది. ఆరుద్ర అయిపోతే యంత్రం వెళ్లిపోతుంది, ఎన్ని రోజులున్నాయి అని వేళ్లు మడుచుకుంటూ కూర్చుంది.

ఆఖరి రోజు ఆమెకు సన్మానం పెట్టారు. వేదిక మీద పెద్ద తెర. తెర మీద బూడిదరంగు పగటి ఆకాశం, మధ్యలో వణుకుతూ ఒక తెల్లటి చుక్క. జనం ఈలలు వేస్తున్నారు. పేరు పలికి విత్తనం వేయడం, చలికాలం రాత్రుల్లో చూడటమే గానీ, పట్టపగలు దాని మొహం చూడటం సుంకులమ్మకు అదే మొదటిసారి. ఆమెకు దండం పెట్టాలనిపించలేదు. ఏడుపు వచ్చింది.

బసవరాజప్ప శాలువా కప్పి మైకు అందుకున్నాడు. "ఈ విద్య మనకు చెప్పిన తల్లి ఈమెనే. అక్కా, రేపటి నుంచి పునర్వసు కార్తె. ఆ చుక్క కూడా ఇట్లనే సూర్యుని పక్కన ఉంటాదా? ఇట్లనే చూపించేదానికి అయితాదా? నువ్వు ఊ అంటే యంత్రాన్ని ఇంకో పద్నాలుగు దినాలు ఉంచుదాం!"

మైకు ఆమె నోటి దగ్గరికి వచ్చింది. వేల మంది ఆమెనే చూస్తున్నారు. నాయన పక్కన పడుకుని వేలితో చూపించిన పునర్వసు జంట చుక్కలు సుంకులమ్మ కళ్ల ముందు మెరిశాయి. వాటి దారి ఆమెకు తన చేతి గీతలకన్నా బాగా తెలుసు.

"నాకు తెలీదప్పా," అంది.

"ఇరవై ఏడూ తెలుసంటివి గదక్కా!"

"ఏదో నోటికొచ్చి అన్నా. నాకు చుక్కలు తెలీవు."

బసవరాజప్ప తబస్సుమ్ వైపు తిరిగాడు. "మేడం, మీరు చెప్పండి. ట్యాబ్‌లో ఉంటాది గదా!"

తబస్సుమ్ తెరను చూసింది, తర్వాత సుంకులమ్మను చూసింది. ట్యాబ్ మూసి ఒళ్లో పెట్టుకుంది. "అది మసక చుక్క. కెమెరాకు అందదు," అంది. మాట తడబడింది గానీ మైకులో ఎవరూ గమనించలేదు.

"సరేలే, రెండు దినాల్లో ఎవరినన్నా పెద్దాయనను అడిగి కనుక్కుంటా," అన్నాడు బసవరాజప్ప.

మర్నాడు తెల్లవారకముందే తబస్సుమ్ దగ్గరుండి యంత్రాన్ని లారీకి ఎక్కించుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి పడమట మబ్బు లేచింది. ఊరి మీదికి వచ్చింది, నిలబడింది. ఇరుగుపొరుగంతా వీధిలోకి వచ్చి చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని పైకి చూశారు. సుంకులమ్మ గోతాం మూతి విప్పుతూ గడపలోనే కూర్చుంది. పైకి చూస్తే, చుక్కలు తెలీవన్నదానివి ఏం చూస్తున్నావని ఎవరైనా అడుగుతారేమోనని ఆమె తల ఎత్తలేదు.