గుమ్మం బయట ఆగిపోయిన నూనె

"ఆ సంచీ గుమ్మం దాటడానికి వీల్లేదు జానూ! నాన్నగారి కొడుకుగా వస్తే రా. ఫాదరుగా మాత్రం రావద్దు!"

పెద్దకొడుకు శ్యామ్ బాబు అరుపు వినబడేసరికి వంటింట్లో సుగుణమ్మ చేతిలోని గరిట జారిపోయింది. వెనక గదిలో జబ్బుతో పడుకున్న భర్త ప్రభాకరరావు గారు నిద్రలోనే ఉన్నారని చూసుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వసారాలోకి పరుగెత్తింది. మెట్ల కింద చిన్నకొడుకు జాన్, తెల్లటి అంగీలో, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఫాదరై తొమ్మిదేళ్ళయింది. ముమ్మిడివరం అవతల ఒక విచారణ, అంటే ఒక చర్చినీ దాని కిందున్న ఊళ్ళనీ, చూసుకుంటున్నాడు. అతని చేతిలో చిన్న నల్ల సంచీ. అందులో ఏముందో కొత్తపేటలోని ఆ ఇంట్లో అందరికీ తెలుసు... జబ్బుపడినవాళ్ళ నుదుటికీ చేతులకీ రాసే పవిత్ర తైలం!

ఆ నూనె పేరు చెబితే ఆ వీధిలో అందరికీ హడలే. అవస్థ నూనె అంటారు దాన్ని. మనిషికి ఊపిరి అందక కళ్ళు తేలేసినప్పుడే ఫాదరు గారికి కబురు వెళ్తుంది. ఆయన బండి ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటికి చుట్టుపక్కలవాళ్ళు ముందే ఏడుస్తూ వచ్చేస్తారు. జబ్బు మొదట్లోనే రాయించుకోవాలనీ, అది మంచంలో ఉన్నవాళ్ళకి ధైర్యమనీ ఎందరు ఫాదర్లు ఎన్నిసార్లు చెప్పలేదు! ఆయ్ అంటారు, తలలూపుతారు, ఇంటికెళ్ళి తలుపు వేసుకుంటారు.

"గుండెకి ఏ చిన్న బెదురూ తగలకూడదన్నారు డాక్టరు గారు. ఆ నూనె చూస్తే నాన్నగారు..." శ్యామ్ బాబు తలుపు దగ్గరగా వేశాడు. రెండు నెలలుగా తండ్రి మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటున్నవాడు. అది కోపం కాదు, భయం!

"ఏమీ అనుకోకండి మరిదిగారండీ... మామయ్యగారు మాకు కావాలండి" అంటూ కోడలు మెర్సీ కళ్ళొత్తుకుంది. తెల్లవారి లేస్తూనే మామగారికి మెత్తటి జావ కాచి, చల్లార్చి, చెంచాతో పట్టే పిల్ల. ఆమెని మాత్రం ఏమనగలరు?

జాన్ వెనక్కి తిరిగాడు. సంచీని బండి కొక్కేనికి తగిలించి లోపలికి వచ్చాడు. తండ్రి గోళ్ళు కత్తిరించాడు. కొబ్బరికాయల ధర గురించీ, పట్టిన ముసురు గురించీ మాట్లాడాడు. గంట కూర్చుని వెళ్ళిపోయాడు.

బండి చప్పుడు మలుపు తిరిగాక సుగుణమ్మ జావ తీసుకుని వెళ్ళి చూస్తే ప్రభాకరరావు గారి తలకింద దిండు తడిసిపోయి ఉంది!

"ఏమండీ! నొప్పిగా ఉందా?"

"సుగుణా... వాడు అందరి మంచాల దగ్గరికీ వెళ్తాడు కదా. చెరువుల కాడ కూలోళ్ళ పాకలక్కూడా వెళ్తాడంట కదా. నా తలమీద ఒక్కసారైనా చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యలేదేమే? గోళ్ళు తీసి వెళ్ళిపోయేడు... కన్నకొడుక్కి కూడా పనికిరాని పాపినా నేను?"

సుగుణమ్మ జావ గిన్నె కింద పెట్టేసింది. అయ్యో! ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి ధైర్యం నూరిపోసిన మాస్టారు... ఆయన్ని భయం నుంచి కాపాడుతున్నామనుకుని ఇంట్లో అందరూ కలిసి వెలివేశారు! ఆ అందరిలో తనూ ఉంది. పొద్దున నోరు విప్పకుండా నిలబడింది తనే కదా!

మర్నాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది.

జాన్ చర్చి పక్కనున్న విచారణ గృహంలో లేడు. రొయ్యల చెరువు గట్టుమీద కాపలాదారు పాకలో ఉన్నాడని వంటావిడ చెప్పింది. సుగుణమ్మ ఆటో దిగి, గట్టు వెంట నడిచి వెళ్ళేసరికి, పక్షవాతం వచ్చిన ముసలాయన నుదుటిమీద జాన్ నూనెతో సిలువ గుర్తు వేస్తున్నాడు. ముసలాయన కళ్ళు మూసుకుని పసిపిల్లాడిలా పడుకున్నాడు.

"ఫాదర్ గారండీ, నాకూ మోకాళ్ళు పీకేత్తన్నాయండి. ఆ చేత్తోనే నాకూ కాస్త రుద్దేద్దురూ!" అంది పక్కనే కూర్చున్న ఆయన పెళ్ళాం, ముసల్ది.

"ఇది మోకాళ్ళ నూనె కాదు మామ్మా! తాతయ్యకి పెట్టినట్టు నీకూ పెట్టాలంటే నువ్వు కూడా ఆయనలా బుద్ధిగా పడుకోవాలి."

పాకంతా నవ్వులు! జాన్ లేచి, మూలనున్న బిందె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి నింపుకొచ్చాడు. ఎవరూ చెప్పకుండానే. ముసల్ది నడవలేదని అతనికి తెలుసు. సుగుణమ్మ కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

గట్టుమీద కొడుకుని నిలదీసింది. "ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. నువ్వు వీధిలో పులివి, ఇంట్లో పిల్లివి అయ్యేవేంటి నాన్నా?"

"అమ్మా! అన్నయ్య రాత్రింబవళ్ళు చాకిరీ చేస్తున్నాడు. నేను చుట్టంలా వచ్చి పోతున్నాను. అన్నయ్యని నొప్పించే హక్కు నాకెక్కడిది?"

"మీ నాన్నగారు అడుగుతున్నారు! నిన్ను, నీ చేతిని, నీ ప్రార్థనని అడుగుతున్నారు! అడిగినవాళ్ళకి మొహం చాటెయ్యడానికా నిన్ను దేవుడికిచ్చుకున్నాను?"

జాన్ ముఖం పాలిపోయింది. "నాన్నగారే అడిగేరా?" అన్నాడు చాలా మెల్లిగా. సమాధానం కోసం ఆగలేదు. బండి తాళాలు తీశాడు.

సంచీ ఒళ్ళో పెట్టుకుని సుగుణమ్మ వెనక కూర్చుంది. ఇంటికి చేరేసరికి శ్యామ్ బాబు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపాడు. పక్కనే ప్రభాకరరావు గారి తమ్ముడు శామ్యూల్.

"అమ్మా! ఏంటిది?"

"ఇది వాడి చేతిలో లేదు, నా చేతిలో ఉంది. నా మొగుడి దగ్గరికి నేను తీసుకెళ్తున్నాను. ఆపాలంటే నన్ను తోసెయ్! నలభై రెండేళ్ళ కాపురంలో ఈ ఇంట్లో ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఇవాళ చెప్తున్నాను!"

"వదినగారండీ, చేతులారా చంపుకుంటారా?" అన్నాడు శామ్యూల్.

"చచ్చేదాకా ఆగి వెయ్యడానికి ఇదేమన్నా పాడె మీద పూలా మరిదిగారూ!"

శ్యామ్ బాబు చేతులు వాటంతటవే కిందికి దిగిపోయాయి.

నల్ల సంచీ చూసి ప్రభాకరరావు గారు భయపడలేదు. లేచి కూర్చోబోయారు! "పాపసంకీర్తనం మాత్రం నీకు చెప్పనురోయ్. మీ అమ్మని విసుక్కున్నవన్నీ నీకు తెలిసిపోతాయి. ఇక్కడి ఫాదరు గారిని పిలిపించు" అన్నారు. ఏడుస్తూనే మెర్సీ ఫక్కున నవ్వేసింది.

ఆ ఫాదరు గారు వచ్చి ఆయన పాపాలు విని వెళ్ళాక, జాన్ తండ్రి తలమీద రెండు చేతులూ ఉంచాడు. నుదుటికి, సుద్దముక్క పట్టి పట్టి కాయలు కాచిన చేతులకి నూనె రాశాడు. శ్యామ్ బాబు తండ్రి కాళ్ళు పట్టుకుని వలవలా ఏడ్చాడు.

"మామ్మకి నూనె పెట్టగానే పోయింది కదా నాన్నగారూ! చిన్నప్పుడు నేను చూశాను... అందుకే..."

ప్రభాకరరావు గారు పెద్దకొడుకు వైపు చెయ్యి చాపారు.

"మామ్మ మూడు రోజులు అడిగిందిరా. ఫాదరుని పిలవరా అని... నేనే రేపు, రేపు అన్నాను. పిలిస్తే పోతుందని భయం. చివరికి పిలిచేసరికి ఆవిడకి స్పృహే లేదు. మా అమ్మ భయపడుతూ ఒంటరిగా వెళ్ళిపోయింది! ఆ పాపానికే నా మంచం దగ్గరికి ఎవరూ రావడం లేదనుకున్నాను..."

శ్యామ్ బాబు తండ్రి పాదాలమీద తల వాల్చేశాడు.

ఆ తరవాత పందొమ్మిది రోజులున్నారాయన. ఇరవయ్యో రోజు పొద్దున్న, మెర్సీ ఇచ్చిన కాఫీ సగం తాగి, సుగుణమ్మ భుజంమీద తల వాల్చి వెళ్ళిపోయారు.

"చెప్పేనా? నూనె పెట్టేరు, మనిషి పోయేడు" అన్నాడు వాకిట్లో శామ్యూల్.

శ్యామ్ బాబు లేచి నిలబడ్డాడు. "చిన్నాన్నగారూ, పందొమ్మిది రోజులు నవ్వుతూ ఉన్నారండి మా నాన్నగారు. అంతకుముందు రెండు నెలల్లో ఒక్కరోజూ నవ్వలేదు. పక్కనే పడుకున్నవాణ్ణి, నాకు తెలుసు!"

మూడోనాడు, జాన్ తల్లి పక్కనే కూర్చుని ఉండగా, చివరి వీధి నాగమణి చప్పుడు కాకుండా వచ్చింది.

"అక్కగారండీ... ఇంత దుఃఖంలో అడక్కూడదు గానండి... మా అత్తగారు పదిరోజులై మంచం దిగట్లేదు. ఇక్కడి ఫాదరు గారేమో ఊళ్ళో లేరంట. మీ అబ్బాయి గారిని... ఎవరూ చూడకుండా వెనక సందులోంచి..."

"అమ్మని ఇలా వదిలి ఎలా..." అన్నాడు జాన్.

సుగుణమ్మ కొడుకు చేతిలోంచి తన చేయి విడిపించుకుంది. కళ్ళు తుడుచుకుంది. "లే నాన్నా. నన్ను ఓదార్చడానికి ఇంటినిండా మనుషులున్నారు. ఆవిడకి ఎవరున్నారు?"

శ్యామ్ బాబు అప్పటికే బండి బయటికి తీస్తున్నాడు. "నేను దింపుతాను తమ్ముడూ. సందులోంచే పోదామా?"

"సందెందుకురా? దొంగతనానికా వెళ్తున్నారు?" సుగుణమ్మ గొంతు వీధి చివరిదాకా వినబడింది. "పెద్దరోడ్డు మీదుగా, అందరూ చూస్తుండగా వెళ్ళండి!"